నది ఒడ్డున గాలం వేసేవాళ్లకు తేలికపాటి మడత కుర్చీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణ ఒడ్డున గాలాలు వేసుకునేవాళ్లు నలుగురు కలిస్తే ముందు చేపల కబుర్లు, ఆ తర్వాత నడుం నొప్పి కబుర్లు. ఏ కుర్చీ కొనాలి, బురదలో దిగబడితే ఏం చేయాలి, స్కూటీ మీద ఎలా తేవాలి అని విజయవాడ, గుంటూరు వైపు నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. అమ్మేవాళ్లంతా బరువు గురించే చెబుతారు. నా లెక్కలో మాత్రం ముందు చూడాల్సింది మీరు కూర్చునే నేల, తర్వాత సీటు ఎత్తు, ఆ తర్వాతే బరువు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటే సరిపోదా?

గంటసేపటికైతే సరిపోతుంది. తెల్లవారుజామున వెళ్లి ఎండెక్కేదాకా ఉండేవాళ్లకు సరిపోదు. నేల మీద కూర్చుంటే నడుం ముందుకు వంగిపోతుంది, తడి పైకి ఎక్కుతుంది, గాలపు తాడుకు కట్టిన బెండు మునిగిన క్షణంలో చటుక్కున లేవలేం. కాళ్లు తిమ్మిరెక్కాక జారుడు గట్టు మీద లేచి నిలబడటం ప్రమాదం కూడా. నలభై దాటినవాళ్లు ఎంత చిన్నదైనా ఒక ఆసనం కొనుక్కోవాలనే చెబుతాను.

ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు ఉంది. అది తీసుకెళ్తే పోలా?

కారులో వెళ్లి, కారు పక్కనే కూర్చునేవాళ్లకు పోతుంది. మడత పడదు కాబట్టి బండి మీద కష్టం. పైగా దాని కాళ్ల అంచులు పల్చగా ఉంటాయి, మెత్తటి నేలలో ఒక వైపు దిగి ఒరిగిపోతుంది.

మడత కుర్చీల్లో ఇన్ని రకాలు కనిపిస్తున్నాయి. అసలు తేడా ఏమిటి?

మన పనికొచ్చేవి నాలుగు. మొదటిది మూడు కాళ్ల స్టూలు: ముక్కోణపు గుడ్డ సీటు, కిలో లోపు బరువు, వీపుకు ఆనుడు ఉండదు. రెండోది గొడుగులా మూసుకునే చేతుల కుర్చీ. బరువు రెండున్నర నుంచి నాలుగు కిలోలు, కూర్చుంటే హాయి, మూస్తే మాత్రం పొడవాటి సంచి అవుతుంది. మూడోది ఈమధ్య బాగా అమ్ముడవుతున్న గొట్టాల కుర్చీ. లోపల ఎలాస్టిక్ తాడు ఉన్న అల్యూమినియం గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, పైన గుడ్డ తొడుగుతారు. కిలో అటూ ఇటూ ఉంటుంది, బ్యాగులో పడుతుంది, కానీ సీటు బాగా కిందకి ఉంటుంది. నాలుగోది డబ్బాలా నొక్కితే చిన్నదయ్యే ప్లాస్టిక్ రింగుల స్టూలు. సిమెంటు మీద బాగుంటుంది. నది ఇసుక రింగుల మధ్య చేరిందంటే తెరుచుకోదు, మూసుకోదు. దాన్ని ఇసుక లంకలకు తీసుకెళ్లవద్దు.

కాళ్ల పొడవు విడివిడిగా సర్దుకునే పెద్ద ఫిషింగ్ కుర్చీలు కూడా దొరుకుతాయి. ఎగుడుదిగుడు గట్టుకు వాటిని మించినవి లేవు. అయితే చాలావాటి బరువు నాలుగు కిలోల పైమాటే.

ఎంత బరువుంటే తేలిక అనుకోవాలి?

బండి ఆపిన చోటి నుంచి ఎంత దూరం నడుస్తారన్నదే కొలత. రెండు వందల అడుగులైతే నాలుగు కిలోల కుర్చీ కూడా తేలికే. కరకట్ట దిగి, ఇసుకలో అర కిలోమీటరు నడిచేవాళ్లకు కిలోన్నర దాటిందంటే బరువే, ఎందుకంటే చేతిలో రాడ్డు, ఎర డబ్బా, నీళ్ల సీసా ఎలాగూ ఉంటాయి. తిరుగు ప్రయాణంలో చేపలు కూడా ఉండాలని కోరుకుందాం. మొత్తం సామాను ఒక చేతిలోనూ భుజం మీదా సర్దుకుని, రెండో చేయి ఖాళీగా ఉంచుకోగలిగితే గట్టు దిగేటప్పుడు పట్టు దొరుకుతుంది.

నేను ఎక్కువగా ఘాట్ల మెట్ల మీదే కూర్చుంటాను. నాకేది?

మెట్టు మీద కుర్చీ వద్దు. 2016 పుష్కరాలకు ఒడ్డు పొడవునా వేసిన ఘాట్లలో నడిచేందుకు మెట్లు బాగానే ఉన్నాయి కానీ, నాలుగు కాళ్లూ ఒకే మెట్టు మీద ఆనడం కష్టం. వెనక కాలు ఒక్క అంగుళం జారినా మనిషి నీళ్లలోకే. మెట్టునే ఆసనం చేసుకుని, కింద దళసరి ఫోమ్ దిండు వేసుకోండి. మెట్ల పైన చదునైన జాగా దొరికితే, కాళ్ల చివర రబ్బరు బుష్షులు (తొడుగులు) ఉన్న స్టూలు చాలు. జనం స్నానాలు చేసే రేవులో మాత్రం గాలం తీయవద్దు. మెట్ల మీద పడిపోయిన గాలపు ముల్లు ఎవరి కాల్లో దిగుతుందో చెప్పలేం.

బ్యారేజీ దిగువన ఇసుకలోకి వెళ్తాం. ఏది బాగుంటుంది?

గేట్లు మూసి ఉన్నప్పుడు ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలూ పాయలే కదా. అక్కడ సన్న కాళ్లు పనిచేయవు. కాళ్లను కింద అడ్డంగా కలిపే కడ్డీ ఉన్న కుర్చీ అయితే బరువు కడ్డీ పొడవునా పరుచుకుంటుంది, దిగబడదు. గొట్టాల కుర్చీనే ఇష్టమైతే కాళ్లకు పెద్ద బంతి బుష్షులు కూడా కొనండి.

కాలువ గట్ల మీద వేస్తాం, జాగా ఇరుకు. కుర్చీ పడుతుందా?

ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, గుంటూరు వైపు దుగ్గిరాల దగ్గరి గట్లు, అన్నిచోట్లా ఇబ్బంది ఒకటే: ఏటవాలు, ఇరుకు, వెనక బండ్లు. మూడు కాళ్ల స్టూలే సరి. గట్టు తారు రోడ్డు అంచున కుర్చీ వేసి వెనక్కి వాలడం మానుకోండి.

ఎంత డబ్బు పెట్టాలి?

మూడు కాళ్ల స్టూళ్లు సుమారు మూడు వందల నుంచి ఎనిమిది వందల దాకా, చేతుల కుర్చీలు వెయ్యి నుంచి రెండు వేల దాకా, గొట్టాల కుర్చీలు రెండు వేల నుంచి ఐదు వేల దాకా ఉంటాయి. పేరున్న విదేశీ కంపెనీలవి పదివేలు దాటేవీ ఉన్నాయి. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లేవాళ్లకు మధ్య రకం చాలు. మిగిలిన డబ్బుతో మంచి రీలు కొనుక్కోండి.

## ఎంచుకునేటప్పుడు

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. సీటు ఎంత ఎత్తు ఉండాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఉండేదీ ఇదే. ఇంట్లో భోజనాల బల్ల కుర్చీ సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. తేలికపాటి గొట్టాల కుర్చీలు చాలావరకు 28 నుంచి 35 సెంటీమీటర్లే. అందులో కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తాయి. లేవాలంటే బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. పైగా గుడ్డ సీటు కూర్చున్నాక ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగుతుంది.

పెద్దవాళ్లకు 42 సెంటీమీటర్లకు తగ్గకుండా, చేతులు ఆనించడానికి గట్టి ఆధారం ఉన్నది చూడండి. ఒక కిలో బరువు పెరిగినా ఫరవాలేదు, ఆ కిలో మీరు మోయండి. కొనేముందు ఇంట్లో చిన్న పరీక్ష చేయొచ్చు: కొనాలనుకున్న ఎత్తులో ఏదైనా పీటో డబ్బానో పెట్టి కూర్చోబెట్టండి. చేతులు నేలకు ఆనించకుండా ఆయన లేవగలిగితే ఆ ఎత్తు సరిపోయినట్టే.

చేతులున్న కుర్చీ మంచిదా, లేనిదా?

రాడ్డు ఎలా పట్టుకుంటారో చూసుకోండి. రీలు తిప్పేటప్పుడు మోచేయి పక్కకు కదలాలి. గొడుగు రకం కుర్చీల్లో చేతుల పట్టీలు ఎత్తుగా ఉండటంతో రీలు పిడి వాటికి తగులుతుంది, లేదా రాడ్డు పిడి చివర గుడ్డలో ఇరుక్కుంటుంది. బొచ్చె లాంటి బలమైన చేప పట్టినప్పుడు ఆ ఒక్క క్షణం ఆలస్యం చాలు, తంగూసు వదులై చేప తప్పించుకుపోవడానికి. రాడ్డును స్టాండులో పెట్టి గంటలు గంటలు ఎదురుచూసేవాళ్లకు చేతులున్నదే సుఖం. చేత్తో పట్టుకుని బెండు మీద చూపు పెట్టేవాళ్లు చేతులు లేనిదే తీసుకోండి.

'120 కిలోలు మోస్తుంది' అని రాశారు. నా బరువు 95. చాలుతుందా?

చాలుతుంది, కానీ అంతకన్నా తగ్గొద్దు. రాసిన లెక్క కదలకుండా కూర్చున్న బరువుకు సంబంధించినది. ధబ్బున కూలబడినప్పుడు, చేపను లాగుతూ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఒక కాలి మీద పడే భారం చాలా ఎక్కువ. మీ బరువు మీద కనీసం నాలుగోవంతు ఎక్కువ మోసేది చూసుకోవడం మంచిది.

'విమానాల్లో వాడే అల్యూమినియం' అంటున్నారు. నమ్మొచ్చా?

7075 అనే మిశ్రమం నిజంగానే విమానాల్లో వాడతారు, మామూలు అల్యూమినియం కన్నా చాలా గట్టిది. ఆ అంకె స్పష్టంగా రాసి ఉంటేనే ఆ మాటకు విలువ. అంకె లేకుండా 'విమాన' అని మాత్రమే ఉంటే అది ప్రకటన. ఇనుమా కాదా తెలుసుకోవాలంటే చిన్న అయస్కాంతం ఆనించండి, అంటుకుంటే ఇనుమే. ఇనుము అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బరువు. పెయింటు గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. అలాగని ఇనుము చెడ్డదని కాదు, బరువు ఫరవాలేదనుకునేవాళ్లకు చవకలో గట్టి కుర్చీ అదే.

గొట్టాల కన్నా ముందు విరిగేది వాటిని కలిపే ప్లాస్టిక్ ముడి. కొట్టులో చూస్తే ఆ ముడిని చేత్తో మెలితిప్పి చూడండి. పల్చగా వంగితే వదిలేయండి.

గుడ్డ మీద 600డి అని ఉంది. అంటే ఏమిటి?

డి అంటే డెనియర్, దారం మందం. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. 600 అంటే స్కూలు బ్యాగుల గుడ్డలా దిట్టంగా ఉంటుంది, కుర్చీకి సరిపోతుంది. మన ఎండలకు నైలాన్ కన్నా పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుంది. వీపు దగ్గర జాలీ గుడ్డ ఉంటే మే నెలలో మీరే ఆనందిస్తారు.

మూడు కాళ్లు మంచివా, నాలుగు కాళ్లా?

మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద ఊగదు, ఎలా పెట్టినా మూడూ ఆనుతాయి. కానీ రెండు కాళ్ల మధ్య ఉన్న ఖాళీ వైపు ఒరిగితే తిరగబడుతుంది. ఒక కాలు నది వైపు ఉండేలా వేసుకోండి, ముందుకు వంగినప్పుడు ఆసరా ఉంటుంది. చదును నేలకు నాలుగు కాళ్లదే నిలకడ.

స్కూటీ మీద వెళ్తాం. కుర్చీ ఎలా పడుతుంది?

కొనేముందు మడిచాక ఎంత పొడవో చూడండి. 35 నుంచి 45 సెంటీమీటర్లు అయితే కాళ్ల దగ్గర నిలబెట్టొచ్చు, వీపు బ్యాగులోనూ పడుతుంది. గొడుగు రకం కుర్చీ 80, 90 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని అడ్డంగా కట్టుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో దూరితే పక్క బండివాళ్లకు తగులుతుంది. వీపుకు నిలువుగా తగిలించుకోండి, పట్టీ వదులుగా వేలాడకుండా ముడి వేయండి. గుంటూరు నుంచి రైల్లో కృష్ణా కెనాల్ స్టేషన్‌లో దిగి వచ్చేవాళ్లకు చిన్న సంచి కుర్చీయే సుఖం.

ఆన్‌లైన్‌లో కొంటున్నా. ఏం చూసి నొక్కాలి?

నాలుగు అంకెలు: సీటు ఎత్తు, సంచితో కలిపి బరువు, మడిచాక పొడవు, మోసే బరువు. ఏ ఒక్కటి రాయకపోయినా ఆ కుర్చీ వదిలేయండి. వాపసు ఇచ్చే గడువులోపే ఇంట్లో టీవీ ముందు వేసుకుని అరగంట కూర్చోండి. తొడల కింద ముందు కడ్డీ ఒత్తుకుంటుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అది ఒడ్డున ఇంకా ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

## ఒడ్డుకు చేరాక

వరద తీశాక ఒండ్రు మట్టిలో కాళ్లు దిగబడిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు లెక్క చూద్దాం. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న నాలుగు గుండ్రటి కాళ్లు నేలకు ఆనే జాగా మొత్తం కలిపి పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లే. 80 కిలోల మనిషి కూర్చుంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఆరు కిలోలకు పైగా పడుతుంది. తడి ఒండ్రు దానికి ఆగదు.

అందుకే కాలి వెడల్పు పెంచాలి. పిల్లలు గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి తీసుకుని, కాలి కన్నా కొంచెం చిన్న రంధ్రం కోసి గట్టిగా దూర్చండి. బంతి సగం దాకా దిగినా నాలుగింటికి కలిపి 130 చదరపు సెంటీమీటర్ల దాకా ఆనుతుంది, ఒత్తిడి పదో వంతుకు తగ్గిపోతుంది. పొడి ఇసుకలో, గట్టిబడిన ఒండ్రులో ఇది చక్కగా పనిచేస్తుంది. జిగట బురదలో మాత్రం లేచినప్పుడు బంతి అక్కడే ఉండిపోతుంది. అక్కడ అడుగున్నర ప్లైవుడ్ ముక్కో, పాత కారు రబ్బరు మ్యాటో కింద వేయడమే మార్గం. ఫ్లెక్సీ ముక్క వేయొద్దు, తడిస్తే జారుతుంది. చీలమండ దాకా కాలు దిగే చోట కుర్చీ సంగతి పక్కన పెట్టి, ఆ చోటే మార్చండి.

ఏటవాలు గట్టు మీద కూర్చుంటే ముందుకు జారిపోతానేమోనని టెన్షన్. ఎలా వేయాలి?

చాలామంది ముందు కాళ్ల కింద రాళ్లు పెడతారు. కదిలినప్పుడు రాయి జారుతుంది. దానికి బదులు వెనక కాళ్ల కింద మట్టి తవ్వి గుంట చేయండి, అంటే పైవైపు తగ్గించి సీటును మట్టం చేయడం. చిన్న తాపీ ఒకటి సంచిలో ఉంటే రెండు నిమిషాల పని. కూర్చునేముందు సీటు మీద రెండు చేతులతో బరువు వేసి నొక్కి చూడండి.

నీళ్లకు ఎంత దూరంలో వేయాలి?

ఎండాకాలంలో నాలుగైదు అడుగులు చాలు. జూలై నుంచి అక్టోబరు దాకా పైన పులిచింతల నుంచి వదిలే నీటిని బట్టి మట్టం మారుతుంది. బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన ఎండిన పాయలు నిండుతాయి, మీ వెనకున్న దారి కూడా నీళ్లలో మునగొచ్చు. కూర్చోగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పుల్ల తడిసి నీళ్లు దాన్ని దాటుతున్నాయంటే సామాను సర్దేయండి, చేప కొడుతున్నా సరే. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది. హెచ్చరికల దాకా ఆగొద్దు, వరద కబురు వినగానే ఆ రోజుకు ఇంట్లోనే ఉండండి. బ్యారేజీ దగ్గర సిబ్బందో పోలీసులో లేవమంటే వాదించకుండా లేవండి.

లేచి అటు తిరిగేలోపు గాలికి కుర్చీ కొట్టుకుపోతోంది. ఏం చేయాలి?

కిలో బరువు కుర్చీకి సాయంత్రం నది గాలి చాలు. నిండు నీళ్ల సీసాను సీటు కింద మధ్యలో వేలాడదీయండి. లేదంటే సంచి పట్టీని గుచ్చిన మేకుకు కట్టండి.

గొడుగును కుర్చీకే కట్టొచ్చా?

తేలిక కుర్చీకి వద్దు. గాలి గొడుగును పట్టుకుంటే కుర్చీ, మీరు కలిసి తిరగబడతారు. గొడుగుకు వేరే మేకు, వేరే తాడు. పైన కరెంటు తీగలుంటే గొడుగే కాదు, రాడ్డు కూడా తీయొద్దు. కార్బన్ రాడ్డులోంచి కరెంటు పాకుతుంది.

మే నెలలో గొట్టాలు కాలిపోతున్నాయి. కూర్చోలేకపోతున్నాం.

ముదురు రంగు పెయింటు గొట్టాలు త్వరగా వేడెక్కుతాయి. తడి తువ్వాలు చేతుల మీద, సీటు మీద వేయండి. అయినా విజయవాడ ఎండలో పది దాటాక కూర్చోవడం కుర్చీ తీర్చగలిగే సమస్య కాదు. ఉదయం వెళ్లి వచ్చేయండి.

చేప పడింది. కూర్చునే లాగాలా, లేవాలా?

జెల్ల, చిన్న శీలావతి అయితే కూర్చునే లాగొచ్చు. రాడ్డు బాగా వంగితే లేవండి. కూర్చుని లాగితే బరువంతా కుర్చీ ముందు కాళ్ల మీదకు వస్తుంది, నది వైపే ఒరుగుతారు. లేవడానికి ముందు పాదాలు రెండూ సీటు కిందకు జరుపుకోవడం అలవాటు చేసుకోండి. వలబుట్ట, ఎర డబ్బా కాళ్లకు అడ్డం రాకుండా పక్కన ఉండాలి.

పిల్లల్ని తీసుకెళ్తాం. వాళ్లకూ కుర్చీ కొనాలా?

చిన్న స్టూలు చాలు, మీ కుర్చీకి వెనక వేయండి, ముందు కాదు. నీళ్ల దగ్గర పిల్లలకు లైఫ్ జాకెట్ వేయాలి, వాళ్ల మీద ఒక పెద్దవారి చూపు ఎప్పుడూ ఉండాలి.

## ఇంటికి వచ్చాక

ఒండ్రు మట్టి ఎలా వదిలించాలి?

ఆరకముందే కడగండి. ఆరితే కీళ్లలో సిమెంటులా గట్టిపడుతుంది. గొట్టాలన్నీ విడదీసి లోపల కూడా నీళ్లు పోయండి, తలకిందులుగా పెట్టి నీడలో ఆరబెట్టండి. కీళ్లకు కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ పూయొద్దు. ఇసుక ఆ జిడ్డుకే పట్టుకుని గొట్టాన్ని గీస్తుంది.

గుడ్డకు చేప వాసన పోవడం లేదు, చీమలు కూడా పడుతున్నాయి.

చీమలకు కారణం చాలాసార్లు మైదా పిండి, తవుడు ఎరలే. గుడ్డ విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి అరగంట నానబెట్టి, మామూలు సబ్బుతో ఉతకండి. ఎర్రల డబ్బాను కుర్చీ జేబులో పెట్టే అలవాటు మానేస్తే సగం వాసన తగ్గుతుంది.

నాగాయలంక, హంసలదీవి వైపు కూడా వెళ్తుంటాం. ఉప్పు నీటికి ఏమైనా అవుతుందా?

అవుతుంది. సముద్రం దగ్గరపడేకొద్దీ నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. ఇనుప రివెట్లు, స్క్రూలు ముందు తుప్పు పడతాయి. అదే రోజు మంచినీళ్లతో కడిగితే చాలు.

గొట్టాల లోపల ఎలాస్టిక్ తాడు వదులైంది. కుర్చీ పారేయాలా?

అక్కర్లేదు. గొట్టం చివర ఉన్న ముడి విప్పి, అంతే మందం కొత్త ఎలాస్టిక్ తాడు ఎక్కించి మళ్లీ ముడి వేయొచ్చు. ఇకముందు మడిచేటప్పుడు చివర నుంచి కాకుండా మధ్య గొట్టం దగ్గర మొదలుపెట్టండి, తాడు మీద లాగుడు రెండు వైపులా సమానంగా పడుతుంది. గొట్టాలు వాటంతటవే టక్కున తగులుకునేలా విసరొద్దు, అంచులు చీలుతాయి.

గుడ్డ మూలలో గొట్టం బయటికి పొడుచుకొచ్చింది. కుట్టించొచ్చా?

కుట్టించొచ్చు. గుడ్డ కుర్చీలు ఎక్కువగా పాడయ్యేది ఆ మూల జేబు దగ్గరే. బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, లోపలి వైపు తోలు ముక్కో, బ్యాగు పట్టీలకు వాడే దళసరి నైలాన్ పట్టీయో వేసి కుట్టమనండి. మామూలు నూలు దారం వద్దు, నైలాన్ దారం వేయమని ప్రత్యేకంగా చెప్పండి. కొత్త కుర్చీకే ముందుగా ఈ పని చేయించుకుంటే ఇంకా మేలు.

ఏ కుర్చీని ఇక వాడకూడదు?

గొట్టం వంగి మడత గీత పడినా, ప్లాస్టిక్ ముడిలో వెంట్రుక వాసి పగులు కనిపించినా, గోటితో గీరితే గుడ్డ పొడిలా రాలినా ఆ కుర్చీని ఒడ్డుకు తీసుకెళ్లొద్దు. వంగిన అల్యూమినియం గొట్టాన్ని సుత్తితో సరిచేసి వాడేవాళ్లున్నారు. వంగిన చోట లోహం అప్పటికే బలహీనపడి ఉంటుంది, తర్వాత చెప్పకుండా విరుగుతుంది. కావాలంటే దాని గుడ్డను దాచుకోండి, అదే కొలతల కుర్చీ దొరికితే అదనపు సీటుగా పనికొస్తుంది.